కాలువగట్లపై ఉదయపు పరుగు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల కొఱకై కూడిన ఈ సభలో పరుగును గూర్చి నేను మాటలాడెదనని తెలిసినపుడు కొందఱు మిత్రులు నవ్విరి. గ్రామపు లెక్కలు వ్రాయుచు దినమంతయు కూర్చుండువానికి పరుగుతో నేమి పని యని వారి సందేహము. కాని మన ప్రాంతమున చదువును కాలువగట్టును ఏనాడును వేరుగా లేవు. 1935లో పెదపాలెమునుండి పాతూరి నాగభూషణము గారు పడవపై గ్రంథాలయమును నడిపించి, కాలువ వెంట నున్న పల్లెలకు పుస్తకములు చేర్చిరి. నాడు పుస్తకమునకై జనులు గట్టునకు వచ్చిరి. నేడు ఆరోగ్యమునకై ఆ గట్టునకే మరల రండని కోరుచున్నాను. గట్టువలన మన కెంత మేలు కలదో, మన యడుగులవలన గట్టునకును అంత మేలు కలదు. ఈ రెండవ మాటయే నా ప్రసంగమునకు ముఖ్యము.

జాగింగు అని నేడు వ్యవహరించునది పందెపు పరుగు కాదు. న్యూజిలాండులో ఆర్థర్ లిడియార్డు అను శిక్షకుడు 1960 తరువాతి యేండ్లలో నడివయస్సువారిచేతను, గుండెజబ్బునుండి కోలుకొన్నవారిచేతను మెల్లని పరుగు చేయించెను. దానిని చూచి వెళ్ళిన అమెరికా శిక్షకుడు బిల్ బవర్మన్ 1967లో దానిపై నొక పుస్తకము వెలువరించెను. ఇందలి సూత్రము మన వైద్యులకు క్రొత్త కాదు. తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతుడును, వాగ్భటుడును చెప్పియున్నారు. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినచో సగము బలము వెచ్చమైనట్లు గుర్తు. ప్రక్కవానితో మాటలాడుచు పరుగెత్తగలిగినంత వేగము చాలునని నేటివారు చెప్పుచున్నారు. వారమునకు 150 నిమిషముల మితవ్యాయామము పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. దినమునకు అరగంట వంతున అయిదు దినములైనచో లెక్క సరిపోవును.

ఈ అరగంటకు తగిన బాట మనకు పూర్వులు వేసియే యుంచిరి. బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వెలసినది. నాటి కాలువలు పైరుకును పడవకును కూడ త్రవ్వబడినవి. గాలి లేనపుడు పడవవారు భుజమున త్రాడు వేసికొని, పడవను లాగుచు గట్టుపై నడచెడివారు. అనగా గట్టు మొదటినుండియు మనుష్యుని పాదమునకు ఉద్దేశింపబడిన బాటయే.

తెనాలివారి భాగ్యము మఱింత గొప్పది. దుగ్గిరాల లాకులవైపునుండి వచ్చిన మూడు కాలువలు ఆ పట్టణము గుండ పాఱుచున్నవి; దానిని ఆంధ్రా పారిసు అనుటకు ఇవియు నొక కారణము. పట్టణము దాటి నిజాంపట్నం కాలువగట్టున ఉత్తరముగా పోయినచో ఇండ్లు సన్నగిల్లి మాగాణి కనబడును. ధనుర్మాసపు మంచులో వరికుప్పలు, పిమ్మట మినుము, పెసర, జొన్న, మొక్కజొన్న, దుగ్గిరాల చేరువకు పోగా పసుపు చేలు. కొమ్మమూరు కాలువ దక్షిణముగా పెదగంజామువైపు పోయి బకింగుహాము కాలువతో కలియును. ఆ మార్గముననే ఒకప్పుడు పడవలు చెన్నపట్టణము వఱకు పోయెడివి.

బాపట్ల చేరునప్పటికి నేల మాఱును. నల్లరేగడి పోయి ఇసుక వచ్చును. 1945లో నెలకొన్న వ్యవసాయ కళాశాల ఆ పట్టణమునకు వన్నె తెచ్చినది. అచటికి సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక సముద్రతీరము కలదు. పొడియిసుకలో పరుగు పిక్కలను వేగముగా అలయించును. పోటు తీసినపుడు గట్టిపడిన తడియిసుక పరుగునకు అనుకూలము. ఒడ్డున సరుగుడు తోటలు గాలి యుద్ధృతిని తగ్గించుచున్నవి. మాఘ ఫాల్గుణములలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు ఆ తీరమున కెక్కును. వానికి దూరముగా పరుగెత్తుట పరుగెత్తువాని ధర్మము.

రేపల్లెయొద్ద బాట కృష్ణ కరకట్ట. పెనుమూడియొద్ద ఆ కట్టపై నిలిచిన వానికి ఒక ప్రక్క సముద్రమునకు చేరువైన నది విశాలముగా కనబడును. ఎదుటి యొడ్డున పులిగడ్డ. రెండవ ప్రక్క పల్లెలు, పొలములు, బడులు. వరదకాలమున ఆ రెంటికిని నడుమ నున్నది ఆ మట్టికట్ట యొక్కటియే. 2009 అక్టోబరు వరదలలో రేపల్లె ప్రాంతమున దానికి గండి పడినది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయినపుడు జనులు రాత్రులు మేలుకొని ఇసుకబస్తాలతో కట్టను కాచిరి.

కట్ట ఒక్క రాత్రిలో చెడదు. వేసవిలో రేగడిమట్టి ఎండి నెఱ్ఱెలు విచ్చును. ఎలుకలును, ఎండ్రకాయలును బొరియలు చేయును. నీరు వచ్చినపుడు ఆ సందులగుండ సన్నని ఊట మొదలగును. ఊటనీరు తేటగా నున్నంతవఱకు కొంత వ్యవధి కలదు; బురదగా వచ్చినచో లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని యర్థము. దీనిని చూచుటకు ఇంజనీరే కానక్కఱలేదు. ప్రతిదినము ఆ దారిని పోవువాడు చాలును. ఎవరును నడువని గట్టుపై సర్కారు తుమ్మ పెరుగును. తుమ్మ పెరిగిన పిమ్మట ఎవరును నడువలేరు. అటుపై చెత్త చేరును, దాని వెనుక పాక, పాక వెనుక ప్రహరీగోడ చేరును.

ఇచట నా వృత్తికి సంబంధించిన మాట యొకటి మనవి చేయుదును. గ్రామలెక్కలలో కాలువగట్టు పోరంబోకు. ఎవరికిని చెందని భూమి యని కొందఱు దాని కర్థము చెప్పుచున్నారు. శిస్తు పట్టీలో ఒకరి పేర లేదన్నంతమాత్రమున అది దిక్కులేనిది కాదు. ఊరి యందఱి యవసరమునకై విడువబడినది. ఆ యందఱును దానిపై అడుగు మోపనిచో లెక్కలో మిగులునే గాని నేలమీద మిగులదు.

నష్టము అప్పుడే మన పిల్లలకు తగులుచున్నది. పోలీసు కొలువునకు 1600 మీటర్ల పరుగు పరీక్ష కలదు. దానికై యువకులు తెల్లవారుజామున లారీలు పోవు పెద్దరోడ్డుపై చీకటిలో పరుగెత్తుచున్నారు. ఆడపిల్లలకు ఆ రోడ్డును లేదు. వారికి సాధన లేకపోవుట బలము లేక కాదు, బాట లేక.

ఇక జాగ్రత్తలు. వెలుగు రాకముందు దీపము లేనిదే గట్టెక్కరాదు; రక్తపింజరి మాగాణిలో మనకంటె ముందే తిరుగుచుండును. వాన కురిసిననాడు రేగడిగట్టు జాఱును. ఆనాడు కంకరడొంక మేలు. రోహిణికార్తెలో ఎండ రాకముందే ఇల్లు చేరవలెను. నలువది దాటినవారు, గుండెజబ్బో మధుమేహమో గలవారు వైద్యుని సలహాతో మొదట నడకయే ప్రారంభింపవలెను. పిల్లలు నీటి యంచున పరుగెత్తరాదు.

చేయవలసిన పని పెద్దది కాదు. గట్టుపై తుమ్మను యువజనులు ఏడాదికి రెండుమారులు నఱుకవలెను. అరకిలోమీటరున కొక సున్నపు రాయి నాటవలెను. ఆడపిల్లలు గుంపుగా పరుగెత్తు వేళకు గ్రామపెద్దలలో ఇద్దఱు ముగ్గురు గట్టుపై నడకకు రావలెను. మఱియు మన గ్రంథాలయమున ఒక పుస్తకము ఉంచవలెను. పరుగెత్తి వచ్చినవారు పత్రికకై ఇచటికి వచ్చుట పరిపాటియే గదా! తాము చూచిన బొరియ, నెఱ్ఱె, ఊట, క్రొత్తగా నాటిన కంచె ఏ రాయియొద్దనో తేదీతో అందు వ్రాయవలెను. నెలకొకమారు దాని నకలు జలవనరుల శాఖవారికి పంపవలెను. నోటిమాట గాలికి పోవును. తేదీ వేసిన వ్రాత జవాబు కోరును. ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాసి నేను నేర్చిన విద్య యింతమాత్రమే.

ఆ పుస్తకమునకు గీతలు గీసి, పుటలకు అంకెలు వేసి తెచ్చితిని. కార్యదర్శిగారు స్వీకరింప ప్రార్థన. రేపు ఉదయము గట్టుపై నడిచివచ్చిన వారెవరైనను మొదటి పంక్తి వ్రాయవచ్చును.