ఉప్పుగాలికి నిలిచే తీర్మానం

జనవరి మొదటి ఆదివారం ఇది. కుప్ప నూర్పిళ్లు ఇంకా అవుతున్నాయి. వారం తిరిగితే సంక్రాంతి పనులు. అయినా టంకం కడ్డీ మీద ఇష్టంతో పెద్దలు, పాలిటెక్నిక్ పిల్లలు, గుడివాడ, అవనిగడ్డల మిత్రులు, మీరంతా బందరు వచ్చారు. అందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇందాక మీలో కొందరు కొత్త సంవత్సరానికి చేసుకున్న తీర్మానాలు చదివారు. ఒకరు ఆసిలోస్కోపు కొంటామన్నారు, ఒకరు త్రీడీ ప్రింటర్ అన్నారు. ఇంకొకరు ఈఎస్‌పీ32 నేర్చుకుంటామన్నారు. ఒక అబ్బాయి రోజుకో సర్క్యూట్ చొప్పున 365 చేస్తానన్నాడు. ఎవరి ఉత్సాహాన్నీ నేను తగ్గించను. కానీ జాగ్రత్తగా వింటే వీటిలో సగం కొనే సంగతులు, మిగతా సగం మొదలుపెట్టే సంగతులు. పూర్తిచేస్తానన్న మాట నాకు ఒక్కటీ వినపడలేదు.

నేను అడగదలచింది ఒక్కటే. ఈ ఏడాది ఒకే ఒక్క వస్తువు చేయండి. దాన్ని మీ బల్ల మీద నుంచి తీసి, అవసరమున్న మరొకరి చేతిలో పెట్టండి. అది ఈ సంవత్సరం నవంబర్ 19 దాకా ఆగకుండా పనిచేయాలి.

నవంబర్ 19 ఎందుకో ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కర్లేదు, పిల్లలకు చెప్పాలి. 1977లో ఆ రోజు శనివారం. నాకు పన్నెండేళ్లు. తుపాను తీరం దాటింది చీరాల వైపే అయినా, సముద్రం పొంగింది దివిసీమ మీదికి. అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచింది. పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఊళ్లుగా మిగల్లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవారు దాదాపు పది వేలు. అవనిగడ్డ ప్రాంతంలో మండలి వెంకట కృష్ణారావు గారు సహాయ కార్యక్రమాలకు నడుం కట్టిన సంగతి మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మా ఇంట్లో నాలుగు సెల్సు వేసే ట్రాన్సిస్టర్ ఒకటి ఉండేది. ఆ రాత్రి కరెంటు లేకపోయినా అది పలికింది. విజయవాడ స్టేషన్ చెప్పింది మేము విన్నాం. మా పరిస్థితి మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాం. తంతి స్తంభాలు పడిపోయాయి, టెలిఫోన్ తీగలు తెగాయి. దివిసీమలో ఎంత ఘోరం జరిగిందో బయటివాళ్లకు సరిగ్గా తెలిసేసరికి రోజులు పట్టింది. వినడానికి యంత్రం ఉండి, చెప్పడానికి లేకపోవడం ఎంత పెద్ద లోటో ఆ వారంలో అర్థమైంది. నేను ఎలక్ట్రానిక్స్ వైపు రావడానికి కారణం అదే.

ఇక మన హాబీ సంగతి. మన అందరి సొరుగుల్లోనూ సగం చేసిన బోర్డులు ఉంటాయి. బ్రెడ్‌బోర్డు మీద ఎల్‌ఈడీ వెలగగానే మనసు నిండిపోతుంది, ఫోటో తీసుకుంటాం, మర్నాటికి కొత్తది మొదలుపెడతాం. వెలిగించడంతో అసలు పని మొదలవుతుందని మనకు ఎవరూ నేర్పలేదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొన్న భాగాలు అక్కడి గదిలో పదేళ్లు పనిచేస్తాయేమో. అవే భాగాలు హంసలదీవిలో ఒక వానాకాలం గడవడం కష్టం. మన గాలిలో ఉప్పుంది, చెమ్మ ఉంది. రాగి పచ్చబడుతుంది. టంకం చుట్టూ మిగిలిన ఫ్లక్స్ చెమ్మ పీల్చుకుని, కరెంటు పోకూడని చోటికి దారి ఇస్తుంది. పెట్టెకు పెన్సిలంత సందున్నా బల్లి దూరి కాంటాక్టుల మధ్య అడ్డం పడుతుంది. చీమలు రిలేలో కాపురం పెడతాయి. ఇవి పుస్తకాల్లో కనపడవు, మన చేతులతో నేర్చుకోవాల్సిందే.

నా అనుభవం ఒకటి చెబుతాను. వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది చేయదగిన పని ఇదే.

మా బావమరిదికి బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్నాయి. చెరువులో పగలంతా నాచు సూర్యరశ్మితో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి తయారీ ఆగిపోతుంది. నాచూ రొయ్యలూ అడుగునున్న మడ్డీ అన్నీ ఉన్నదాన్నే వాడుకుంటాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మన వాళ్ల మాటల్లో, డీవో పడిపోతుంది. ఆ వేళకు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. సరిగ్గా ఆ వేళలో కరెంటు పోయి, కాపలా మనిషికి కన్నంటుకుంటే ఆ పంట అంతటితో పోయినట్టే. పొద్దున్నే రొయ్యలు పైకి తేలి కనిపిస్తాయి.

కరెంటు పోతే ఫోన్ మోగే పెట్టె ఒకటి చేసిచ్చాను. సిమ్ వేసే మాడ్యూల్, చిన్న మైక్రోకంట్రోలర్, 12 వోల్టుల బ్యాటరీ. బల్ల మీద వంద సార్లు పరీక్షించాను. చెరువు గట్టున మాత్రం రెండు తప్పులు బయటపడ్డాయి, రెండూ నావే.

మొదటిది, నేను ఒక్క ఫేజునే చూశాను. ఒక రాత్రి రెండు గంటలకు మరో ఫేజు పోయింది. నా పెట్టెకు అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. మోటారు మూలుగుతూ వేడెక్కి కాలిపోయింది. సరే, మూడు ఫేజుల్లోనూ వోల్టేజి చూద్దామని మార్చాను. అదీ పూర్తిగా నమ్మదగింది కాదని తర్వాత తెలిసింది. తిరుగుతున్న మూడు ఫేజుల మోటారు, పోయిన ఫేజు తీగలో తనే కొంత వోల్టేజి పుట్టిస్తుంది. కొలిస్తే వోల్టేజి ఉన్నట్టే కనపడుతుంది. అందుకే మోటారుకు వెళ్లే ప్రతి తీగకూ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తొడిగి, నిజంగా ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూడాలి. దీనివల్ల ఇంకో లాభమూ ఉంది. ఏరియేటర్ రెక్కలు ఊడి మోటారు ఊరికే తిరుగుతుంటే ఆంపియర్లు తగ్గుతాయి. ఆ సంగతీ తెలిసిపోతుంది.

రెండో తప్పు, తీగలు పెట్టెలోకి పైనుంచి దూర్చాను. శ్రావణంలో వాన నీళ్లు తీగ వెంటే లోపలికి దిగాయి. ఇప్పుడు తీగలన్నీ కిందినుంచే వస్తాయి. లోపలికి వెళ్లేముందు ఒక వంపు తిరిగి వెళతాయి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పెట్టె ప్లాస్టిక్‌ది, మూతకు రబ్బరు ఉంది, మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి. బోర్డును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పైన వార్నిష్ పూత వేశాను.

మూడో పాఠం మా బావమరిది నేర్పాడు. "బావా, ఇది మోగకపోతే కరెంటు ఉన్నట్టా, పెట్టె చచ్చినట్టా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పటినుంచి పెట్టె రోజూ సాయంత్రం ఆరింటికి బాగున్నానని ఒక మెసేజ్ పంపుతుంది. అది రాని రోజు ఆయన వెళ్లి చూస్తాడు. నెలకోసారి ఫ్యూజు తీసి, ఫోన్ మోగుతుందో లేదో పరీక్షిస్తాడు. నన్నడిగితే, ఆ సర్క్యూట్ మొత్తంలో విలువైన భాగం ఆ సాయంత్రపు మెసేజే.

పిల్లలకు ఒక మాట. ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టుల పైన ఉంటుంది. స్టార్టర్ పెట్టెలో చేయి పెట్టే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. తడి గట్టు మీద మన హాబీ కంటే ప్రాణం ముఖ్యం. అలాగే 2జీ మాడ్యూల్ కొని అందులో జియో సిమ్ వేయకండి, జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు.

ఇదంతా ఏ గడువుల్లో చేయాలి? జనవరి ఒకటో తారీకు చేసుకున్న తీర్మానం సంక్రాంతి దాకా కూడా నిలవదని అందరూ అంటారు. మనకు ఇంకో సంవత్సరాది ఉంది కదా. ఉగాదికల్లా మీ వస్తువు బల్ల మీద పనిచేయాలి. అప్పటికి కాకపోతే ఆ పని మరీ పెద్దదని అర్థం, సగానికి తగ్గించుకోండి. ఏరువాక నాటికి అది పెట్టెలో చేరి బయట గోడకు ఎక్కాలి. వానలు దాన్ని పరీక్షిస్తాయి. దసరాకు పనిముట్లకు పూజ చేస్తాం కదా, ఆ రోజు మూత తీసి చూడండి. ఎక్కడ పచ్చబడింది, ఎక్కడ తుప్పు పట్టింది, ఏ మర వదులైంది, అన్నీ నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. తెలుగులోనే రాయండి. మన గాలికి ఏ భాగం ఎన్నాళ్లు నిలిచిందో రాసిన పుస్తకం ఒక్కటి ఉన్నా, తర్వాత వచ్చే పిల్లలకు పదేళ్ల శ్రమ కలిసొస్తుంది.

చెరువు లేనివాళ్లకు వేరే పని చెబుతాను. హామ్ రేడియో లైసెన్సు తీసుకోండి. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబర్‌లో అండమాన్‌లో హామ్ స్టేషన్ నడపడానికి వెళ్లారు. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటమే ఆ యాత్ర ఉద్దేశం. 26వ తేదీ సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదా కోసం పెట్టిన ఆ స్టేషనే పోర్ట్‌బ్లెయిర్ నుంచి దేశానికి కబుర్లు చేరవేసింది. ఎవరు బతికున్నారో, ఏం కావాలో ఆ రేడియో మీదే చెప్పుకున్నారు. హాబీ అంటే కాలక్షేపం అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఆవిడ పేరే. 1977లో మా ట్రాన్సిస్టర్ చేయలేకపోయిన పని అది.

మన నేల దీనికి ఎంత అనువైనదో లెక్క వేసి చూపిస్తాను. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం దాదాపు కంటిచూపు పోయినంత దూరమే పోతుంది. పదిహేను మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు రేడియో దిగంతం పదహారు కిలోమీటర్లు. అవతల అంతే ఎత్తు ఉంటే మొత్తం ముప్పై రెండు. బందరు నుంచి అవనిగడ్డకు సూటిగా గీత గీస్తే సుమారు ఇరవై ఎనిమిది. గుడివాడకు ముప్పై రెండూ ముప్పై మూడు మధ్య, అంటే అంచున ఉంది, స్తంభం కాస్త పెంచుకుంటే చాలు. మధ్యలో కొండ లేదు, గుట్ట లేదు. యాంటెన్నాకు కావలసింది అర మీటరు రాగి కడ్డీ, దాని కింద వాల్చి కట్టిన మరో నాలుగు కడ్డీలు. మూడు ఊళ్లలో ముగ్గురు లైసెన్సుదారులు, మూడు బ్యాటరీలు ఉంటే, టవర్లన్నీ పడిపోయినా డెల్టా తనలో తాను మాట్లాడుకోగలదు. లైసెన్సు లేకుండా మాత్రం ప్రసారం చేయకండి, అది నేరం.

ఈ ఊరికి ఇదేమీ కొత్త విద్య కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి గార్లు 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు, చదువుతో పాటు చేతిపని ఉండాలని పట్టుబట్టారు. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. చీకట్లో చూసే పరికరాలు బందరులో తయారై సైన్యానికి వెళ్లాయి. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ మన ఊళ్లోనే ఉండి సముద్రం మీద మేఘాన్ని కొలుస్తోంది. 1990 మే 9న కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోనే పెద్ద తుపాను తీరం దాటింది. ముందే హెచ్చరికలు అందడం వల్ల, జనాన్ని ముందే తరలించడం వల్ల, 1977తో పోలిస్తే మరణాలు పదోవంతుకు తగ్గాయి. సమయానికి చేరిన మాట చేసిన మేలు అది. ఆ మాట చివరి ఊరి దాకా, చివరి గట్టు దాకా చేరేలా చూడటంలో మనలాంటి వాళ్లకు చోటుంది.

కొత్త పరికరాలు కొనవద్దని నేను అనను. మంచి మల్టీమీటర్, ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే టంకం కడ్డీ అందరికీ ఉండాలి. మిగతావి చేసే పనిని బట్టి వస్తాయి. 365 సర్క్యూట్లు చేస్తానన్న అబ్బాయి ఎక్కడున్నాడు? బాబూ, నువ్వు పన్నెండు చెయ్యి, అందులో ఒకటి నీకు తెలిసిన రైతు గట్టు మీద పెట్టు. మూత నీకు బదులు ఆయన తీసినా లోపల ఏముందో అర్థమయ్యేలా ఒక కాగితం రాసి అతికించు.

నవంబర్ 19 సాయంత్రం ఇదే హాల్లో మళ్లీ కలుద్దాం. బల్ల మీద వెలిగే కొత్త బోర్డులు ఆ రోజు తేవద్దు. వానాకాలమంతా బయట ఉన్న పెట్టెను గోడ మీద నుంచి దించి తీసుకురండి. చెడిపోయినా సరే, అదే తీసుకురండి. అందరి ముందూ మూత తీసి చూద్దాం.