వేడి పుట్టని యంత్రము



శ్రావణమాసమున ముసురు పట్టిన ఒకనాడు మేడ్చలులో నా మిత్రుని యింటికి పోయితిని. వసారాలో, మెట్లమీద, కిటికీ ఊచలమీద ఎక్కడ చూచినను తడిబట్టలే వ్రేలాడుచుండెను. మూలనున్న గదిలో మాత్రము ఉతికి ఆరబెట్టు యంత్రము ఊరక నిలిచియుండెను. "ఏమోయ్, ఇది ఉండగా ఈ దండెములెందుకు?" అని అడిగితిని. "రెండు గంటలు తిరుగుతుంది, గాలి వీస్తుంది, బట్ట మాత్రం ఆరదు. బాగుచేసే అబ్బాయి వచ్చి చూశాడు. లోపల ఏదో మీట వేడిని ఆపేస్తున్నదట. దాన్ని తప్పించి తీగ నేరుగా కలిపితే చాలునన్నాడు. రేపు వచ్చి కలుపుతాడు" అని ఆయన బదులు చెప్పెను. ఆ ఇంట మూడేండ్ల మనుమరాలు ఆడుకొనుచుండెను. ఆ 'నేరుగా కలుపుట' అనుమాట విని నేను ఉలికిపడితిని. ఎందుకు ఉలికిపడితినో చెప్పుటకే ఈ ప్రసంగము.

బట్టలకు వేడి చూపుట మనకు క్రొత్త కాదు. చవుడు కలిపిన నీటితో బానలో బట్టలు ఉడకబెట్టి, రేవున బండపై ఉతికి, ఎండలో ఆరవేయుట మన పల్లెలలో తరతరముల పద్ధతి. బాన క్రింది మంట ఒకటి, ఆకాశమునందలి ఎండ ఒకటి. ఈ యంత్రమునందును అట్లే రెండు వేడులు కలవు. డ్రమ్ము అడుగున నీటిలో మునిగియుండు హీటరు ఒకటి. అది నీటిని కాచును. ఆరబెట్టునప్పుడు గాలిని వేడిచేయు హీటరు సాధారణముగా వేరొకటి. దానికొక ఫ్యాను తోడు. కావున "వేడి పుట్టుటలేదు" అనిన చాలదు. ఏ వేడి పుట్టుటలేదు? ఉతుకునప్పటిదా, ఆరబెట్టునప్పటిదా? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన సగము పని అయినట్లే.

దానిని కనుగొనుటకు పనిముట్లు అక్కరలేదు. బట్టలు లేకుండ 60 డిగ్రీల ఉతుకుడుకు యంత్రమును పెట్టి, అరగంట తరువాత తలుపు అద్దమును చేతితో తాకి చూడుడు. గోరువెచ్చగానైన లేనిచో నీటి హీటరు పనిచేయుటలేదని అనుమానింపవచ్చును. ఇంకొక ఉపాయము కలదు. ఇంటిలోని తక్కిన పరికరములన్నియు ఆపి, కరెంటు మీటరుపై మిణుకుమను చిన్న ఎఱ్ఱదీపమును గమనింపుడు. డ్రమ్ము మాత్రమే తిరుగునప్పుడు అది నెమ్మదిగా మిణుకును. హీటరు అందుకొనగానే వడివడిగా మిణుకును. ఆరబెట్టునప్పుడును ఈ పరీక్షయే చేయవచ్చును.

యంత్రము చెడకున్నను చెడినట్లు తోచు సందర్భములు పెక్కు. చన్నీటి ఉతుకుడు ఎంచుకొని నీరు కాగలేదనుట ఒకటి. ఉతుకునంత బరువును ఆరబెట్టుమనుట ఇంకొకటి. ఎనిమిది కిలోలు ఉతుకు యంత్రము ఐదు కిలోలకు మించి ఆరబెట్టలేకపోవచ్చును; మిగిలిన బట్టలు తీసివేయవలెను. మూడవది మన ప్రాంతమున ముఖ్యమైనది. ఇట్టి యంత్రములలో అనేకము, బట్టలనుండి లేచిన ఆవిరిని చల్లని నీటిధారతో మరల నీరుగా మార్చి వెలుపలికి పంపును. ఉతుకుట ముగిసినదని నల్లా కట్టివేసిన ఆవిరి చల్లారదు, బట్ట ఆరదు. నల్లా తెరచియున్నను, వైశాఖమాసపు మధ్యాహ్నమున మేడపై ట్యాంకులోని నీరు చేయి కాలునంత వేడిగానుండును గదా! వేడినీరు ఆవిరిని చల్లార్చజాలదు. అట్టి దినములలో తెల్లవారుజామున ఆరబెట్టుట మేలు.

ఇక కరెంటు విషయము. హీటరు ఇచ్చు వేడి వోల్టేజి యొక్క వర్గమునుబట్టి యుండును. 230 వోల్టులు రావలసినచోట 180 వోల్టులే వచ్చినచో వేడి నూటికి 61 పాళ్లకు దిగిపోవును. అప్పుడు హీటరు నిర్దోషి, నేరము సరఫరాది. యంత్రమును 16 ఆంపియర్ల ప్లగ్గునకే తగిలింపవలెను గాని, సన్నని తీగల పొడిగింపు బోర్డుకు తగిలింపరాదు. ప్లగ్గు వేడెక్కినను, నల్లబడినను వెంటనే ఆపవలెను.

నీటి హీటరు నిజముగా చెడుటకు మన మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో మొదట అనుమానింపవలసినది నీటినే. ఇది గ్రానైటు రాతినేల. ఆ రాతి పగుళ్లలోనుండి బోరుబావి తోడు నీటిలో సున్నపు లవణములు కరగియుండును. సబ్బు నురుగు రానిచ్చగింపక పోవుటయే దానికి గుర్తు. 2015 చివరినుండి ఎల్లంపల్లి గోదావరి జలము ఘనపురము మీదుగా నగరమునకు వచ్చుచున్నను, బోరునీటితోనే బట్టలుతుకు ఇండ్లు ఇంకను కలవు. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు దాటకుండుట మేలని, వేరు నీరు దొరకనిచోట 600 వరకు ఓర్చుకొనవచ్చునని భారత ప్రమాణము చెప్పుచున్నది. కఠినజలమును కాచినపుడు కరగియున్న సున్నము విడివడి హీటరుపై తెల్లని పెచ్చుగా పేరుకొనును. పెచ్చు వేడిని నీటికి పోనీయదు. లోపలి తీగ అతిగా కాగి తెగిపోవును. తొడుగు చిట్లినచో నీరు లోనికి చేరి, హీటరు అందుకొనగానే ఇంటి కరెంటంతయు ఆగిపోవును. అది యంత్రము చేయు ఫిర్యాదు. మీటను మరల మరల ఎత్తి దానిని అణచరాదు.

పెచ్చు పట్టకుండ రెండు మూడు నెలలకొకమారు, తయారుచేసినవారి పుస్తకము అనుమతించినచో, ఖాళీ డ్రమ్ములో నిమ్మఉప్పు వేసి 60 డిగ్రీలవద్ద తిప్పవలెను. నిమ్మఉప్పుతో బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు. విషవాయువు పుట్టును.

ఇప్పుడు నా మిత్రుని యంత్రమునకు వత్తము. మరునాడు అనుభవముగల ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని పోయితిని. ఆయన మొదట ప్లగ్గు ఊడదీసెను. కొంతసేపు ఆగి వెనుక పలక విప్పెను. ఆరబెట్టు హీటరు 1500 వాట్లది. దాని నిరోధము 35 ఓములు ఉండవలెను. మీటరు అంతే చూపెను. తీగ తెగినచో మీటరు అనంతము చూపియుండును. అనగా హీటరు చెడలేదు. దాని ప్రక్కనే యున్న థర్మోస్టాటు మాత్రము తెరచుకొనియుండెను. పరిమితిని మించి వేడి పుట్టినప్పుడు తనంత తానుగా కరెంటును ఆపు కావలివాడది. బాగుచేయువాడు తప్పింపదలచినది దానినే!

అయితే వేడి ఎందుకు మించినది? ఆయన గాలిదారి విప్పగా, తడిసి గట్టిపడిన నూలుపొట్టు పిడికెడు పిడికెడు వెడలెను. తువ్వాళ్లనుండి, దుప్పట్లనుండి రాలిన పొట్టు అది. దారి పూడుటచే గాలి కదలక, హీటరు తన వేడిలో తానే మగ్గి, కావలివాడు తలుపు మూసెను. దారి శుభ్రముచేసి, ఫ్యాను తిరుగుట చూచి, థర్మోస్టాటును క్రొత్తదానితో మార్చిన పిమ్మట బట్టలు చక్కగా ఆరినవి. నేరుగా తీగ కలిపియుండినచో బట్టలు ఆనాడును ఆరెడివే. కాని ఎండిన పొట్టు నిండిన గాలిదారిలో, ఆపువాడు లేని వేడి మిగిలియుండెడిది.

ఇది ఊహామాత్రపు భయము కాదు. బ్రిటనులో 2004 మొదలు 2015 వరకు తయారైన ఒక రకపు ఆరబెట్టు యంత్రములలో పొట్టు హీటరుపై పడి మంటలు రేగుచుండెను. 2016 ఆగస్టులో లండనులోని షెపర్డ్స్ బుష్‌నందు ఒక బహుళాంతస్థుల భవనము అట్టి యంత్రమువలననే అంటుకొనినది. చివరకు 2019లో ఇండ్లలో మిగిలియున్న యంత్రములను వెనుకకు పిలిపించిరి.

గృహిణులు, గృహస్థులు చేయదగిన పని ఇంత: ఏ వేడి పుట్టుటలేదో తెలిసికొనుట, నల్లాను, బరువును, ప్లగ్గును చూచుట, పుస్తకములో చెప్పినట్లు పొట్టుజల్లెడ కడుగుట. పలక విప్పుట, మీటరు పట్టుట తెలిసినవారి పని. ఎర్తు తీగ సరిగా ఉన్నదో లేదో వారిచేతనే చూపించుడు. వచ్చినవారిని ఒక్క ప్రశ్న తప్పక అడుగుడు: "ఇది ఎందుకు ఆగింది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పక, ఆపుదలనే తీసివేసెదనను వానికి మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపివేయుడు. బట్టలు ఇంకొకనాడైనను ఆరును.