తగ్గిన కొలత

(అధ్యక్షోపన్యాసము)



ఆర్థికశాస్త్రవేత్తలును, చరిత్రకారులును, సాహిత్యజ్ఞులును ఒక్క వేదికపై గూడిన యీ సదస్సునకు నన్నధ్యక్షునిగా వరించిన పెద్దల సౌజన్యమునకు కృతజ్ఞుడను. ఇట్టి పీఠమెక్కినవాడు ద్రవ్యోల్బణమునో, విదేశవాణిజ్యమునో గైకొని గంభీరముగా ప్రసంగించుట మర్యాద. నేను చౌకధరల దుకాణమును గైకొంటిని. పేదకుటుంబమునకు ప్రభుత్వమిచ్చు తిండిగింజలలో కొలత తగ్గినపుడు ఆ తగ్గిన భాగము ఎక్కడికి పోవునను ప్రశ్న చిన్నదిగా గానవచ్చును గాని, దానికి సమాధానము బడ్జెటు పుటలలో దొరకదు. ఖజానా పద్దులో మిగులుగా వ్రాయబడు ఆ మొత్తము, నా యభిప్రాయమున, మిగులు కానేకాదు, పేదయింటి వంటగదికి బదలాయింపబడిన ఖర్చు.

ఈ విషయమున తెలుగుదేశమునకు గల యనుభవము నిన్న మొన్నటిది కాదు. 1876లో వానలు తప్పి, బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములందు పైరులు చేలలోనే మాడిపోయి, నేటికిని ధాతకరవని చెప్పుకొనబడు మహాక్షామము దాపురించినపుడు, సహాయపు పనులపై వ్యయమగుచున్న ధనమును జూచి కలవరపడిన రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు, మితవ్యయము నేర్పుటకై సర్ రిచర్డు టెంపుల్‌ను 1877 జనవరిలో మద్రాసు రాజధానికి పంపెను. (ఆ నెల మొదటి తేదీననే, విక్టోరియా రాణిని భారతచక్రవర్తినిగా ప్రకటించు దర్బారు ఢిల్లీలో మహావైభవముగా జరిగినదని జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదు.) ఈ టెంపుల్ స్వభావముచే నిర్దయుడు కాడు, అంతకు మూడేండ్లకు మున్ను బీహారు క్షామమున బర్మానుండి బియ్యము తెప్పించి, ఆకలిచావులు దాదాపు లేకుండ జేసి, అందులకు ప్రతిఫలముగా దుబారా చేసెనను నింద మోసినవాడు. ఆ నింద మాపుకొనుటకు గాబోలు, మద్రాసు రాజధానిలో దినమంతయు ఎండలో మట్టిపని చేయు పురుషునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని నిర్ణయించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటెను తక్కువ. పౌననగా నేటి తూనికలో రమారమి 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్, కష్టించు దేహము నిలుచుటకు పౌనున్నర ధాన్యమును, దానిపై పప్పును కూరలును కావలెనని పట్టుబట్టి వాదింపగా, మార్చి నెలలో ప్రభుత్వము ఆయన మాటకు సగము దూరము వచ్చి, కొలతను 570 గ్రాములకు పెంచి, కొంచెము పప్పు చేర్చెను. దయగల యధికారి సైతము లెక్కలకు జడిసినపుడు ఏమి చేయునో తెలిసికొనుటకు ఇంతకు మించిన యుదాహరణము నాకు గనబడదు.

స్వతంత్రదేశమున అట్టి క్షామములు లేవు. కొలతలు మాత్రము హెచ్చుచు తగ్గుచునే యున్నవి. 1983 ఏప్రిల్‌లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు, మనిషికి అయిదు కిలోల చొప్పున, కుటుంబమునకు ఇరువదియైదు కిలోలకు మించకుండ బియ్యమిచ్చుటకు మొదలిడినపుడు, విజ్ఞులనేకులు దానిని వోట్లకై వేసిన గాలమనిరి. వోట్లకు గాకపోవునా? ప్రజాస్వామ్యమున పేదవాని యాకలి ఒక వోటుగానైన లెక్కకు వచ్చుట నాకు దోషముగా తోచదు. ధాతకరవునాడు దానికి ఆపాటి విలువయు లేకపోయెను గదా. ఆ ధర 1992లో మూడున్నర రూపాయలై, 1994 చివర రామారావుగారు మరల అధికారమునకు రాగా రెండై, 1996లో తిరిగి మూడున్నరయై, 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వమున మరల రెండై, 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి హయామున ఒక్క రూపాయి యయ్యెను. ఈ హెచ్చుతగ్గుల వెనుక వానలు గాని పంటలు గాని లేవు. ఎన్నికలును బడ్జెటులును ఉన్నవి. కిలోకు రూపాయిన్నర యనునది ఈ సభలో ఎవ్వరికిని లెక్కలోనిది కాదు. నెలకు ఇరువది కిలోలు తెచ్చుకొను కుటుంబమునకు 1992లో అది ముప్పది రూపాయలు, ఆనాటి ఆడకూలికి రమారమి రెండు దినముల రెక్కలకష్టము.

ధర పెంచుట అందరికిని తెలియు కోత. తెలియకుండ జరుగు కోత వేరొకటి కలదు. కోవిడ్ మహమ్మారి వ్యాపించిన 2020 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము, 2013 ఆహారభద్రతాచట్టము క్రింద మనిషికి నెలకు లభించు అయిదు కిలోలకు తోడుగా మరియైదు కిలోలు ఉచితముగా నిచ్చుటకు పూనుకొని, నడుమ కొన్ని నెలలు తప్ప 2022 డిసెంబరు వరకు సాగించి, అటుపై ఆ యదనపు భాగమును నిలిపివేసి, చట్టపు అయిదు కిలోలను 2023 జనవరి మొదటి తేదీనుండి ఉచితము చేసెను. ఊరూర మారుమ్రోగినది ఉచితమను మాట. తగ్గిపోయిన సగమును గూర్చి మాటాడినవారు తక్కువ. నలుగురున్న కుటుంబమును దీసికొనుడు. చట్టపు ధర కిలో మూడు రూపాయలు గనుక, ఇరువది కిలోలపై నెలకు అరువది రూపాయలు కలిసివచ్చినవి. పోయిన యిరువది కిలోలను అంగడిలో కిలో నలుబదికి గొన్నచో ఎనిమిది వందలు.

ఈ యెనిమిది వందలు ఇంటిలో ఎట్లు సర్దుకొనును? ఆదాయము తగ్గినకొలది అందులో తిండికగు పాలు పెరుగునని జర్మను గణాంకశాస్త్రవేత్త ఎంగెల్ 1857లోనే చూపినాడు. కాని ఆ పాలు కుదింపవలసి వచ్చినపుడు ఇంటిలో ఎవరి వంతు ముందు తగ్గునో ఆయన సిద్ధాంతము చెప్పదు. అన్నము తుట్టతుద తగ్గును. ముందు పప్పు పలుచబడి చారగును. పాలు, గ్రుడ్లు ఇంటికి వచ్చుట మానును. బియ్యమునకు మారు నూకలు వచ్చును. పిమ్మట చిల్లరకొట్టులో పద్దు పెరుగును. ఆ పద్దు తీర్చుటకు మహిళాసంఘమున నొక యప్పు, ఆ యప్పు వాయిదా కట్టుటకు మైక్రోఫైనాన్సువారివద్ద వేరొక యప్పు. నాగువడ్లు తెచ్చుకొని పంటనాడు వడ్డీతో కొలిచియిచ్చినవారి మనుమలు నేడు వారమువారము వాయిదాలు కట్టుచున్నారు. తుదకు అన్నమే తగ్గింపవలసి వచ్చినపుడు, మగవాడు పనికి పోవలెను గనుకను, పిల్లలు ఏడ్తురు గనుకను, ఇల్లాలు కుండ యడుగున మిగిలినదానితోను గంజితోను సరిపుచ్చుకొనును. అడిగినవారికి ఆకలి లేదనియు చెప్పును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వరకు వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఇది రేషను కోత ఫలమని నేననను. ఆ సర్వే 2023 కోతకు ముందటిది. ఏ దేహముపై కోత వచ్చి పడినదో ఆ సంఖ్య తెలుపుచున్నది.

ఇచట ఒక యాక్షేపణ వినవచ్చును. అది త్రోసివేయదగినది కాదు. చౌకబియ్యమును పలువురు తినక, డీలరుకో, వాకిటికి వచ్చు దళారికో చవుకగా అమ్ముకొందురనియు, అది మిల్లులలో పాలిషై రేవులకు చేరుననియు చెప్పుదురు. నిజమే, 2024లో కాకినాడ రేవున పట్టుబడిన బియ్యమును గూర్చి మనమందరము చదివియే యున్నాము. ముక్కవాసన గొట్టు దొడ్డుబియ్యమును అమ్మి, పైన కొంత చేర్చి తినదగిన బియ్యము కొనుక్కొనువారు పల్లెలలోను బస్తీలలోను ఉన్నారు. 2025లో తెలంగాణ ప్రభుత్వము సన్నబియ్యమునే యిచ్చుటకు పూనుకొన్నది ఈ సంగతి నెరిగియే. అయినను నెలకు రెండువందలు చేతబడుటకై చౌకబియ్యమును వదలుకొనువానిని కలిగినవాడని తేల్చుట అవివేకము. మరియొక మాట: కొలత తగ్గించినపుడు దొంగ తన వంతు తగ్గించుకొనడు.

కొలత తగ్గించుటకంటెను క్రూరమైనది పేరు తొలగించుట. టెంపుల్ కాలమున, ఊరికి దూరముగా నున్న శిబిరమునకు నడచిపోగలవానికే పని యను నియమముండెను. అక్కర లేనివారిని ఏరివేయుటకని పెట్టిన యా పరీక్షలో నడువలేనివారు ఏరివేయబడిరి. నేటి పరీక్ష వేలిముద్ర. కలుపు తీసి, రాళ్లు మోసి అరిగిన వ్రేళ్లను యంత్రము గుర్తింపనిచో, ముసలివారు దుకాణమునకు మరల మరల తిరుగవలసినదే. తెలంగాణలో కంప్యూటరు లెక్కలపై ఆధారపడి సుమారు 19 లక్షల కార్డులు రద్దు కాగా, 2022లో సుప్రీముకోర్టు వాటిని క్షేత్రమునకు పోయి పునఃపరిశీలింపుడని ఆదేశింపవలసి వచ్చెను. వారిలో అనర్హులును ఉందురు, కాదనను. కాని అనర్హునొకని తొలగించినందున మిగులునది నెలకు కొన్ని కిలోలు. అర్హునొకని తొలగించినందున పోవునది ఎంతయో చెప్పుటకు 2017లో ఝార్ఖండు రాష్ట్రపు సిమ్డెగా జిల్లాలో జరిగిన దొక్కటి చాలును. ఆధారు జతపడక కార్డు పోయిన యింట పదునొకండేండ్ల బాలిక చనిపోయెను. ఆకలివలన నని తల్లి చెప్పెను. మలేరియావలన నని అధికారులు చెప్పిరి.

పేరు తొలగింపకయే వెలుపల నుంచు మార్గము కూడ కలదు. చట్టము గ్రామములందు నూటికి 75 మందిని, పట్టణములందు నూటికి 50 మందిని పరిగణించినది గాని, ఆ లెక్కకు ఆధారము నేటికిని 2011 జనాభా గణనయే. తరువాత పెరిగిన జనమునకు ఆ సంఖ్యలో చోటు లేదు.

కావున ఈ సదస్సు పక్షమున ప్రభుత్వములకు రెండు విన్నపములు చేయుదును. గ్రామసభలోనో వార్డుసభలోనో పేరు చదివి, ఆ యింటివారి మాట వినక ఏ కార్డును రద్దుచేయరాదు. ఆహారసహాయమున మిగిలిన సొమ్మును బడ్జెటులో చూపునపుడు, దాని ప్రక్కనే, ఆ యేట సహాయము కోలుపోయినవారి సంఖ్యను గూడ అచ్చొత్తవలెను. ఇక ఇచట పత్రములు సమర్పింపనున్న యువపరిశోధకులతో నా మనవి: మీ ప్రశ్నావళులు కుటుంబపెద్దను అడిగి, కుటుంబమునకు నెలకు ఎన్ని కిలోలని వ్రాసికొని మరలివచ్చుచున్నవి. ఈ పర్యాయము ఇంటిలో కడపట భోజనము చేయువారిని వేరుగా కూర్చుండబెట్టి, నిన్న రాత్రి తినినదేమో అడిగి వ్రాసికొని రండు.