న్యాయస్థాన కార్యదర్శుల బదిలీలు – స్పెయిన్ దేశపు పద్ధతి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



బదిలీ అనునది ఉద్యోగులకు మాత్రమే సంబంధించిన విషయమని మనలో పెక్కుమంది తలంతురు. అది సరికాదు. ఉద్యోగి ఊరు విడిచిననాడు అతని సామాను బండి కెక్కును. అతడు చేయవలసిన పని మాత్రము ఊరిలోనే మిగిలిపోవును. ఆ కుర్చీలోనికి మరొకరు వచ్చునంతవరకు అర్జీదారు తిరుగుచునే యుండును. కనుక బదిలీ ఏ నియమము ననుసరించి జరుగుచున్నదో, ఖాళీ ఎన్నాళ్లకు నిండుచున్నదో తెలిసికొనుట గ్రామ ప్రతినిధుల కర్తవ్యము. ఈ విషయమున స్పెయిన్ దేశము తన న్యాయస్థాన కార్యదర్శుల కొరకు ఏర్పరచుకొనిన పద్ధతిని నేడు మీకు వివరింపదలచితిని. అందు మనము గ్రహింపదగిన మేలును కలదు. జాగ్రత్తపడదగిన లోపమును కలదు.

ఈ కార్యదర్శి ఎవరు?

మన కోర్టులలో సిరస్తాదారును మీరెరుగుదురు. దావా కాగితములు తీసికొనుట, సరిచూచుట, భద్రపరచుట ఆయన ఆధ్వర్యమున జరుగును. స్పెయిన్‌లోని కార్యదర్శి ఇంతకంటె విస్తారమైన అధికారము కలవాడు. న్యాయస్థానములో జరిగిన ప్రతి కార్యమునకు ఆయన సంతకమే ప్రమాణము. కార్యాలయపు సిబ్బందిని నడిపించుట, విచారణ తేదీలు నిర్ణయించుట, ఉభయపక్షములను రాజీకి పిలుచుట, తీర్పు అమలు జరిపించుట మొదలగు పనులును ఆయనవే. వీనిలో పెక్కు 2009వ సంవత్సరపు చట్టముతో న్యాయమూర్తి చేతినుండి కార్యదర్శి చేతికి వచ్చినవి. పూర్వము ఈ ఉద్యోగులను న్యాయ కార్యదర్శులనెడివారు. 2015లో చట్టము వారి పేరును మార్చి, ‘న్యాయపాలనా న్యాయవిదులు’ అను అర్థము వచ్చు ‘లెత్రాదో’ అను బిరుదు నిచ్చినది. పేరు అట్లున్నను వీరు కక్షిదారుల పక్షమున వాదించు వకీళ్లు కారు. వీరు ప్రభుత్వోద్యోగులు.

న్యాయశాస్త్ర పట్టభద్రులు మాత్రమే ఈ ఉద్యోగమునకు పోటీ పరీక్ష వ్రాయవచ్చును. నెగ్గినవారు మాడ్రిడ్ నగరమందలి న్యాయాధ్యయన కేంద్రములో శిక్షణ పొందుదురు. న్యాయమూర్తుల నియామకములు, బదిలీలు న్యాయాధికార ప్రధాన మండలి చేతిలో నుండగా, కార్యదర్శులు న్యాయ మంత్రిత్వశాఖ క్రింద పనిచేయుదురు.

ఈ కుర్చీ విలువ యెంతటిదో 2023లో ఆ దేశ ప్రజలకు తెలిసివచ్చినది. ఆ సంవత్సరము జనవరి 24వ తేదీన కార్యదర్శులు జీతముల విషయమున సమ్మె కట్టిరి. అది మార్చి నెలాఖరువరకు సాగినది. న్యాయమూర్తులు తమ స్థానములలోనే యున్నను దేశమంతటను లెక్కకు మిక్కిలిగా విచారణలు వాయిదా పడినవి. జీతములు అందక, పరిహారము చేతికి రాక వేచియున్న సామాన్యులే ఆ రెండు నెలల భారమును మోసిరి.

ఆస్తిగా నుండిన ఉద్యోగము

ఒకానొక కాలమున స్పెయిన్‌లో కోర్టు వ్రాయసకాని పదవి ఒక విధమైన ఆస్తి. రాజు దానిని అమ్ముటయు, కొన్నవాడు తన కుమారునకు అప్పగించుటయు కలదు. 1862లో వచ్చిన చట్టము దస్తావేజులు వ్రాయు వృత్తిని కోర్టు వ్రాతపనినుండి వేరుచేసినది. 1870వ సంవత్సరపు న్యాయవ్యవస్థా చట్టము కోర్టు కార్యదర్శుల పదవులను క్రమబద్ధము చేసినది. అమ్మకము పోయి పరీక్ష వచ్చినది. వారసత్వము పోయి జ్యేష్ఠతా పట్టిక వచ్చినది.

ఈ కథ మనకు కొత్తది కాదు. మన గ్రామములలో మున్సబు, కరణము పదవులు తండ్రినుండి కొడుకునకు దిగుచుండెడివి. 1960లో గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు, గ్రామ మున్సబు పదవికి పూర్వపు ఉద్యోగి కుటుంబములో పుట్టుట అర్హత కారాదనియు, అట్టి నిబంధన రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమనియు తీర్పు చెప్పినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పదవులనే రద్దుచేసినది. పదవి వంశమునకు చెందినది కాదు, ప్రజలకు చెందినదను సూత్రము రెండు చోట్లను స్థిరపడినది. పదవి ప్రజలదైనప్పుడు అందు ఎవరు, ఎక్కడ కూర్చుండవలెనన్న నిర్ణయమును బహిరంగముగానే జరుగవలెను గదా!

పోటీ జరుగు విధము

స్పెయిన్‌లో ఈ కార్యదర్శుల స్థానములు నింపుటకు సాధారణ మార్గము బదిలీ పోటీ. ఇది వ్రాతపరీక్ష కాదు. దాని క్రమము ఇట్లుండును.

మొదట న్యాయ మంత్రిత్వశాఖ ఖాళీల పట్టికను ప్రభుత్వ గెజిటులో ప్రకటించును. ఏ ఊరిలో, ఏ న్యాయస్థానమున స్థానము ఖాళీగా నున్నదో దేశమందలి ప్రతి కార్యదర్శియు ఒకే దినమున చదువుకొనగలడు. కావలసినవారు నిర్ణీత గడువులోపల దరఖాస్తు చేయుదురు. అందు తమకు ఇష్టమైన స్థానములను మొదటిది, రెండవది, మూడవది అని వరుసగా పేర్కొందురు. ఒక స్థానమును పలువురు కోరినప్పుడు ప్రధానముగా వారి సర్వీసు కాలమును చూచి నిర్ణయింతురు. ఫలితము తిరిగి గెజిటులోనే వెలువడును. తనకు అన్యాయము జరిగినదని తలచిన ఉద్యోగి ఆ నిర్ణయముపై అప్పీలు చేయవచ్చును. పరిపాలనా వివాదములను విచారించు న్యాయస్థానమునకు వెళ్లవచ్చును.

ఇందు ముఖ్యమైనది దేనిని తూచవలెనన్నది ముందే వ్రాసియుండుట. దరఖాస్తుదారు తన సర్వీసును తాను లెక్కించుకొని, తన వంతు వచ్చునో రాదో చాలవరకు ముందుగనే గ్రహింపగలడు. ఒకరి గుమ్మమున నిలువవలసిన పనిలేదు.

కార్యదర్శులకు మూడు తరగతులు కలవు. కొత్తవారు మూడవ తరగతిలో ప్రవేశింతురు. ఒక తరగతి స్థిరపడవలెనన్నచో ఆ తరగతికి చెందిన స్థానములలో ఎడతెగక 5 సంవత్సరములుగాని, మధ్యలో అంతరము వచ్చినచో మొత్తము 7 సంవత్సరములుగాని పనిచేయవలెను. క్రింది తరగతి స్థిరపడనిదే పై తరగతి లెక్క మొదలుకాదు.

సస్పెన్షనులో నున్నవారు ఆ కాలమున పోటీకి అర్హులు కారు. క్రమశిక్షణ చర్యగా ఊరినుండి పంపివేయబడిన ఉద్యోగి నియమిత కాలమువరకు అదే ఊరికి తిరిగి రాజాలడు. స్వంత భాష గల కటలోనియా, గలీసియా వంటి ప్రాంతములలో స్థానిక భాషాజ్ఞానమును ఒక యోగ్యతగా పరిగణింతురు. కక్షిదారు చెప్పుకొను మాట కోర్టు ఉద్యోగికి అర్థము కావలెనన్నదే దీని భావము. కోయ, గోండి భాషలు మాటలాడు మన ఏజెన్సీ గ్రామముల వారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అన్ని స్థానములును ఈ విధముగనే నిండునని భావింపరాదు. నాయకత్వ బాధ్యత గల కొన్ని పై పదవులకు అధికారులు తమ విచక్షణతో ఎన్నిక చేయుదురు. అవియును ప్రకటన లేకుండ నిండవు. కాని అక్కడ సర్వీసు లెక్క ఒక్కటే నిర్ణయింపదు.

చిన్న ఊరికి కలుగు నష్టము

ఇక లోపము సంగతి. సర్వీసు ఎక్కువగల వారికి కోరిన స్థానము దొరకుట న్యాయమే. కాని కోరుకొనునది ఏది? పెద్ద నగరము, పిల్లలకు కళాశాల, రైలు సౌకర్యము. కనుక అనుభవము కూడిన కొలది ఉద్యోగి నగరమువైపు జరుగును. చిన్న పట్టణపు న్యాయస్థానమునకు నిన్న మొన్న శిక్షణ ముగించినవారు వత్తురు. పని నేర్చుకొనునంతలో వెళ్లుదురు. పోటీలో ఎవరును కోరని స్థానములను కొత్తగా ఎంపికైనవారికి చూపుదురు. అదియు జరుగునంతవరకు తాత్కాలికముగా మరొకరు పని నడుపుదురు. నియమము ఉద్యోగుల నడుమ సమానముగా పనిచేయుచునే, ఊళ్ల నడుమ అసమానతను కలిగించుచున్నది.

దీనికి వారు వేసిన కట్టు ఒకటి కలదు. బదిలీ పోటీలో స్థానము పొందిన కార్యదర్శి తిరిగి పోటీ చేయుటకు 2 సంవత్సరములు నిండవలెను. కొత్తగా చేరినవారికిని ఇదే నియమము. చేరిననాడే తిరుగు ప్రయాణమునకు మూట కట్టుకొనకుండ ఈ గడువు ఆపును. కాని 2 సంవత్సరములు ఉద్యోగికి దీర్ఘముగా తోచవచ్చును; భూమి తగవు పడిన రైతునకు అది ఒక దావాకైనను చాలదు.

2025 జనవరిలో స్పెయిన్ మరియొక చట్టము చేసినది. దాని ప్రకారము ఒక్కొక్క న్యాయమూర్తితో నడచుచుండిన వేలకొలది న్యాయస్థానములు 431 ప్రథమ న్యాయపీఠములుగా కూర్పబడినవి. కార్యదర్శుల కార్యాలయములును ఉమ్మడిగా ఏర్పడవలెను. ఒకే గదిలో ఒకే ఉద్యోగిపై ఆధారపడిన పని, ఉమ్మడి కార్యాలయమున ఒకరు లేకున్నను ఆగిపోకుండునను ఆశ ఇందు కలదు. చిన్న గ్రామములలోని శాంతి న్యాయస్థానములు ‘పురపాలక న్యాయ కార్యాలయము’లుగా మార్పు చెందవలెనని చట్టము చెప్పుచున్నది. అచ్చటి శాంతి న్యాయమూర్తి న్యాయశాస్త్ర పట్టభద్రుడే కానక్కరలేదు. స్థానిక మండలి సభ్యులు సంపూర్ణాధిక్యతతో ఎన్నుకొన్న వ్యక్తిని ఉన్నత న్యాయస్థానము 4 సంవత్సరములకు నియమించును. అనగా ఉద్యోగులు మారుచుండగా మారని స్థానిక పునాది యొకటి గ్రామ ప్రతినిధుల చేతిలో నున్నదన్నమాట.

మనము గ్రహింపవలసినది

మన రాష్ట్రములలో ఉపాధ్యాయుల బదిలీలు కౌన్సెలింగు ద్వారా జరిగినప్పుడు మీరు గమనించియుందురు. అక్కడ సర్వీసునకు మార్కులుండును. రాకపోకల సౌకర్యము లేని ఊరిలో పనిచేసినందుకు ఎక్కువ మార్కులుండును. స్పెయిన్ కార్యదర్శుల పద్ధతి ప్రధానముగా కాలమును లెక్కించుచుండగా, ఇది కాలముతోపాటు కష్టమును కూడ లెక్కించుచున్నది. మారుమూల పల్లెలో గడపిన సంవత్సరము పట్టణములో గడపిన సంవత్సరము కంటె ఎక్కువ తూగుట న్యాయము. ఏ శాఖలోనైనను పల్లెకు మేలుచేయు బదిలీ నియమమునకు ఇది ముఖ్యమైన అంగము.

ఉద్యోగిని బదిలీ చేయు అధికారము పంచాయతీకి లేదు. అడుగు అధికారము మాత్రము కలదు. మీ గ్రామమున ఏ కుర్చీ ఖాళీయైనను మూడు ప్రశ్నలు వేయుడు. ఈ ఖాళీని ప్రకటించితిరా? వచ్చు ఉద్యోగి ఇచ్చట కనీసమెంతకాలము ఉండవలెను? అతడు వచ్చునంతవరకు పని ఎవరు చూతురు? ఈ ప్రశ్నలను తీర్మానముగా వ్రాసి, తేదీ వేసి, పై అధికారులకు పంపుడు. ఒకరిని పంపుడనియు, మరొకరిని తీసివేయుడనియు పేరు పెట్టి తీర్మానము చేయకుడు. అట్లు చేసినచో నియమము పోయి పలుకుబడి మిగులును. ఒకనాడు మీ పలుకుబడితో వచ్చిన ఉద్యోగి మరునాడు మరొకరి పలుకుబడితో పోవును.

మరియొక కార్యము పూర్తిగా మీ చేతిలోనిదే. ఉద్యోగి పల్లెలో నిలువవలెనన్నచో అతనికి అద్దె ఇల్లు, మంచినీరు, బిడ్డలకు బడి కావలెను. 2008వ సంవత్సరపు గ్రామ న్యాయాలయముల చట్టము న్యాయాధికారి గ్రామములకు స్వయముగా వచ్చి విచారణ జరుపవలెనని చెప్పుచున్నది. న్యాయము పల్లెకు వచ్చినను, వచ్చిన న్యాయమునకు కూర్చుండుట కొక చోటును, నిలుచుట కొక నీడయు మనము చూపవలెను గదా!

చట్టము కుర్చీకి మనిషిని పంపును. ఆ మనిషి ఊరిలో మనసుపెట్టి పనిచేయునట్లు చేయుట ఊరి పెద్దల పని. మీ మీ గ్రామములలో నేడు ఖాళీగా నున్న కుర్చీల పట్టిక నొకదానిని వ్రాసి, రాబోవు పంచాయతీ సమావేశమున చర్చకు పెట్టుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.