పోలీసులు ఎవరికి జవాబు చెప్పాలి?



ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు పాటలు పాడిన రాత్రి గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. మర్నాటి ఉదయం గురించి విన్నది తక్కువే. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించిన అధికారులు, తెల్లవారగానే వాళ్లను వదిలేయమని కబురు పంపారు. పౌలు కదల్లేదు. కొట్టించినవాళ్లే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. వాళ్లు రాక తప్పలేదు.

లాఠీ పట్టినవాడు ఎవరికి జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నకు ఓటుతో సమాధానం వెతికిన దేశం ఒకటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2012 నవంబరు 15న, లండన్ మినహా 41 పోలీసు ప్రాంతాల్లో 'పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్' పదవికి మొదటిసారి ఎన్నికలు జరిగాయి. మనకు కమిషనర్ అంటే ఐపీఎస్ అధికారి గుర్తొస్తాడు. అక్కడ ఆయనకు యూనిఫాం ఉండదు, కేసులు దర్యాప్తు చేయడు. బడ్జెట్ నిర్ణయించడం, పోలీసు అధిపతిని నియమించడం, అవసరమైతే తొలగించడం ఆయన పని.

ఫలితాల్లో కన్జర్వేటివ్‌లకు 16, లేబర్‌కు 13, ఏ పార్టీకీ చెందనివాళ్లకు 12 వచ్చాయి. హంబర్‌సైడ్‌లో మాజీ ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ మొదటి ప్రాధాన్య ఓట్లలో ముందున్నా, రెండో ప్రాధాన్యాలు లెక్కపెట్టాక ఓడిపోయారు. పార్టీలతో విసిగిన జనం పెద్ద పేర్లను లెక్కచేయలేదు, బాగానే ఉంది. కానీ ఓటేసింది సుమారు 15 శాతమే! వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక పోలింగ్ కేంద్రానికి రోజంతా ఒక్క ఓటరూ రాలేదు.

జనానికి పట్టింపు లేదని అప్పుడు చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. అభ్యర్థులెవరో చెప్పే కరపత్రాన్ని ప్రభుత్వం ఇంటింటికీ పంపలేదు, వివరాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి చూసుకోండి అంది. పైగా చలికాలం. స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాడి తీవ్రమైన ఫిర్యాదు వినే సంస్థ వేరే ఉంది, దానికి ఈ ఓటుతో సంబంధం లేదు. తనకు ఏం ఒరుగుతుందో తెలియని ఓటుకు ఎవరు వస్తారు? తర్వాత మిగతా స్థానిక ఎన్నికలతో కలిపి పెట్టాక శాతం కొంత పెరిగింది. అయినా 2028లో ఈ పదవినే ఎత్తేస్తామని అక్కడి ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది.

మనకు అలాంటి ఓటే లేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. వాటికి రిటైరైన న్యాయమూర్తులు అధ్యక్షులుగా ఉండాలంది. తమిళనాడు 2013లో చేసిన చట్టంలో రాష్ట్ర స్థాయిలో హోం కార్యదర్శిని, జిల్లాలో కలెక్టరును కూర్చోబెట్టారు. జిల్లా సభ్యుల్లో ఎస్పీ కూడా ఉంటాడు. ఫిర్యాదు ఆయన కింద పనిచేసేవాళ్ల మీదే కదా!

అదే తమిళనాడులో 2020 జూన్‌లో సాత్తాన్‌కుళం జరిగింది. లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ దుకాణం తెరిచారన్న ఆరోపణతో జయరాజ్, ఆయన కొడుకు బెనిక్స్‌లను 19న పట్టుకెళ్లారు. 22న కొడుకు, 23న తండ్రి చనిపోయారు. వాళ్లు మన తోటి క్రైస్తవులు. మన ప్రార్థనల్లో వాళ్ల పేర్లు వినబడ్డాయి, మంచిదే. ఆ రాత్రి జరిగింది విచారణకు వచ్చిన మేజిస్ట్రేటుకు చెప్పింది మాత్రం అదే స్టేషన్‌లో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్. ఆమె ఎంత భయపడి ఉంటుందో ఆలోచించండి.

యూత్ కార్యదర్శులకు ఒక పని చెబుతాను. మీ జిల్లా అథారిటీకి అధ్యక్షుడెవరు, ఫిర్యాదు ఏ చిరునామాకు పంపాలి? కనుక్కుని, చర్చి నోటీసు బోర్డు మీద తెలుగులోనూ, మీ రాష్ట్ర భాషలోనూ రాయండి. దాని కిందే డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి కూడా చేర్చండి: అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, బంధువుకో స్నేహితుడికో కబురు పంపాలి, కస్టడీలో 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. అథారిటీ గురించి కలెక్టరేట్‌లో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. రాయడం రాకపోతే ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి రాద్దాం.