జింక కంటికి వేటగాడు ఎంత దూరం నుండి కనబడతాడు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుచేత నేను పది నిమిషాలు మిమ్మల్ని అడవి వైపు తీసుకువెళ్తాను.

అందమైన కళ్ళను మన కవులు లేడికళ్ళతో పోల్చారు. అయితే ఆ కళ్ళ చూపు మనమనుకున్నంత నిశితం కాదు. కంటి డాక్టరు గోడకు తగిలించే అక్షరాల అట్టను జింకకు చూపిస్తే, మనం చదివే కింది వరుసలు దానికి మసకగా ఉంటాయి. దూరాన కదలకుండా నిలబడ్డ మనిషిని చెట్టు మొద్దో, మనిషో అది వెంటనే పోల్చుకోలేదు.

మరి వేటగాణ్ణి ఎలా పసిగడుతుంది? మొదటిది, దాని కళ్ళు తలకు రెండు ప్రక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 300 డిగ్రీల మేర చూడగలదు. మనకు 180 డిగ్రీలే. రెండవది, కదలిక. వేలు కదిలినా, కొమ్మ ఊగినా చటుక్కున తల ఎత్తుతుంది. ఆపైన చెవులు, ముక్కు సాయం వస్తాయి. అందుకే పాతకాలపు వేటగాళ్ళు గాలికి ఎదురు నడిచేవారు.

ఇక రంగుల సంగతి. మన కంటిలో రంగులు గుర్తించే కణాలు మూడు రకాలు, జింకకు రెండే. నీలం బాగా తెలుస్తుంది. ఎరుపు, నారింజ రంగులు ఆకుపచ్చలో కలిసిపోతాయి. మనకు మెరిసిపోయే పులి చారలు జింకకు గడ్డిలో గడ్డే! అమెరికాలో వేటగాళ్ళు నారింజ రంగు కోట్లు తొడగడంలో కిటుకు ఇదే. జింకకు ఆ రంగు తెలియదు, తోటి వేటగాడికి దూరం నుండే తెలుస్తుంది. చప్పుడు విని బాణం వేసిన దశరథుడికి ఏమి దక్కిందో మీకు నేను చెప్పాలా?

మన వయసులో శుక్లం ముదిరితే కంటి కటకం పసుపుబారి నీలం రంగు వెలవెలబోతుంది. ఆ విషయంలో జింకే మనకన్నా నయం. ఆపరేషన్ చేయించుకున్నవారు ఆకాశం మళ్ళీ నీలంగా కనిపించిందని సంబరపడటం మీరు వినే ఉంటారు.

రాత్రి చూపులో కూడా అదే మేలు. జింక కంటి వెనుక అద్దం వంటి పొర ఉంటుంది. కొద్దిపాటి వెలుగును కూడా అది తిప్పికొట్టి మరల వాడుకుంటుంది. కానీ ఆ వరమే దానికి శాపమైంది. టార్చిలైటు వేస్తే కళ్ళు నిప్పుకణికల్లా మెరిసి దాని జాడ చెప్పేస్తాయి. ఆ వెలుగుకు కళ్ళు బైర్లు కమ్మి అది కదలక నిలబడిపోతుంది. దొంగవేటగాళ్ళకు కావలసింది అదే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. మాంసం దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక, తెలంగాణకు మచ్చల జింక రాష్ట్ర జంతువులు. పండుగకు స్వగ్రామం వెళ్ళినప్పుడు ఎవరైనా రహస్యంగా జింక మాంసం తెచ్చి మర్యాద చేయబోతే, పెద్దవారిగా మనం వద్దని గట్టిగా చెప్పాలి. మనం తినకపోతే కొనేవాడు తగ్గుతాడు, టార్చి పట్టేవాడూ తగ్గుతాడు. శ్రీశైలం అడవి దారిలో సంజవేళ ప్రయాణిస్తే డ్రైవరుతో నెమ్మదిగా పొమ్మనండి. దారిలో జింక నిలబడితే బండి ఆపి, లైటు తగ్గించమనండి.

మనుమలను వనస్థలిపురంలోని హరిణ వనస్థలికి తీసుకువెళ్ళినప్పుడు ఎర్రచొక్కా ఉన్నా ఫరవాలేదు, కేకలు మాత్రం వద్దనండి. కదలకుండా కూర్చోవడం మన వయసువారికి తేలికే కదా! జింకలు వాటంతట అవే దగ్గరకు రావచ్చు.