పాటలేని కచ్చేరి

మన తెలుగువారికి సంగీతమనగానే ముందుగా స్ఫురించునది సాహిత్యము. త్యాగరాజస్వామి కృతియైనను, జానపదుల పదమైనను, సినిమా పాటయైనను, మాట చెవిని బడిన పిమ్మటనే రాగము మనస్సున నిలుచును. అట్టి మన నడుమ ముగ్గురు యువకులు ఒక గిటారును, ఒక బాసు గిటారును, డ్రమ్ములను ముందిడుకొని, నోట ఒక్క మాటయు పలుకక రెండు గంటలు వాయింపబూనినచో వినుటకెవరు వత్తురు? వచ్చినవారు మరల వత్తురా? ఈ ప్రశ్న నేటి యువకులకు మాత్రమే ఎదురైనది కాదు. విశాఖపట్నమునకు ఇందొక పూర్వచరిత్ర కలదు.

ముందుగా ఆ ముగ్గురి సంగీతమెట్టిదో చూతము. దానిని జాజ్-ఫంక్ అందురు. అమెరికాలోని నల్లజాతివారి సంగీతమునుండి అది పుట్టినది. జాజ్‌లో మొదట ఒక వరుసను అందరును కలిసి వాయింతురు. పిమ్మట ఒక్కొక్కరు ఆ వరుసను ఆధారముగా గొని తమ మనోధర్మమును చూపుదురు. మన స్వరకల్పనకును, తనియావర్తనమునకును ఇది దూరపు చుట్టము. ఫంక్‌లో లయదే పెత్తనము. 1960ల నడుమ జేమ్స్ బ్రౌన్ బృందము ఆవృత్తములోని మొదటి దెబ్బను గట్టిగా నొక్కి, తక్కిన దెబ్బల నడుమ చిన్న చిన్న ఖాళీలు విడిచి, వినువాని పాదము తనంతట కదలునట్లు చేసెను. ఆ మొదటి దెబ్బను మన సమముతో పోల్చవచ్చును. 1973లో వెలువడిన హెర్బీ హాన్‌కాక్ ‘హెడ్ హంటర్స్’ రికార్డు ఈ రెండింటి కలయికను పెక్కు దేశములవారికి పరిచయము చేసెను.

ముగ్గురు చాలుదురా యని సందేహింప బనిలేదు. మన సన్నాయి మేళములో సన్నాయి రాగమును, డోలు లయను, శ్రుతి ఆధారమును ఇచ్చుచున్నవి. ఈ మేళములో బాసు గిటారు శ్రుతివలె ఒకచోట నిలువదు. క్రింది స్థాయిలో నడచుచు రాగమును లయతో కలుపును. 1956లో తన పేర రికార్డులు వెలువరింప మొదలిడిన జిమ్మీ స్మిత్ అను ఆర్గన్ విద్వాంసుడు బాసు పనిని కూడ తానే నెరవేర్చుచు, గిటారును, డ్రమ్ములను తోడు చేసికొని, ఇట్టి ముగ్గురి మేళమునకు గొప్ప ప్రచారము తెచ్చెను. ముగ్గురే యున్నచోట ఒకడు తడబడిన దాగుటకు చాటులేదు.

ఇక మన పూర్వచరిత్ర. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్నమున పెరిగిరి. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలోనే బాలుస్వామి దీక్షితులవారు వయోలిన్‌ను కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. కాని కచ్చేరిలో దాని స్థానము గాయకుని ప్రక్కన; గాయకుడు పాడినదానిని అనుసరించుటయే దాని ధర్మము. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినప్పుడు నాయుడుగారు అందు వయోలిన్ ఆచార్యులైరి. 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత దానికి అధ్యక్షులైరి. 1938లో వేలూరున వారు చేసిన కచ్చేరిని, వయోలిన్ గాయకుని నీడనుండి వెలువడిన ఘట్టముగా చెప్పుకొందురు. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి బిరుదము నొసగెను. ఆచార్య పదవినుండి వేలూరు కచ్చేరివరకు పందొమ్మిదేండ్లు! పాటలేని కచ్చేరికి సభ ఒక్కనాట సిద్ధము కాదు.

కారణము స్పష్టమే. మనోధర్మమును గుర్తింపవలెనన్న మూలమైన వరుస వినువానికి తెలిసియుండవలెను. పాటలో మాటలు దారి చూపును. వాద్యమున అట్టి ఊత లేదు. తొలిసారి వచ్చినవానికి అంతయు ఒక్కటే ధ్వని. మూడవసారి వచ్చినవాడు, గిటారు ఇచ్చట దారి మళ్లినదని గుర్తించి చిరునవ్వు నవ్వును. ఆ నవ్వు వేదికమీదివానికి కనబడును. అతడు మరియొక అడుగు వేయ సాహసించును. మరల వచ్చు శ్రోతయే ఆ ముగ్గురికిని నాలుగవ తోడు.

విశాఖవలెనే న్యూ ఆర్లియన్స్ కూడ రేవు పట్టణము. అచ్చటి ‘మీటర్స్’ బృందములో వారు నలుగురు. 1969లో రికార్డులవలన పేరు పొందుటకు ముందే వారు ఆ ఊరి క్లబ్బులో రాత్రివెంట రాత్రి వాయించి తమ శ్రోతలను సంపాదించుకొనిరి. వారి తొలి రికార్డులలో పెక్కింట పాట లేదు.

పరదేశపు వాద్యములు మనకేల యని కొందరు ఆక్షేపింపవచ్చును. వయోలిన్ ఎచ్చటనుండి వచ్చినది? పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలోని విద్యుత్ మాండలిన్ ఎచ్చటిది? ఆ బాలుడు 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున మన రాగములనే వాయించెను. వాద్యము ఏ ఓడలో దిగినను, వాయించువాని సాధనయు, వినువారి ఓపికయు కలిసినచో అది మనదగును.

ఓడరేవును ఉక్కు కర్మాగారమును నమ్ముకొని పలు భాషలవారు కూడియున్న విశాఖలో, భాషతో పనిలేని సంగీతమునకు చోటుండవలెను. అందుకు ఇరువైపుల కర్తవ్యము కలదు. యువవాద్యకారులు నెలకొక నియమిత దినమున ఒకేచోట వాయించుట మేలు. వాయించిన వరుసలనే మరల వినిపించుటకు సంకోచింపరాదు, ఎరిగినదానియందే క్రొత్తదనము తెలియును. శ్రోతలు నడుమ సినిమా పాట వాయింపుడని చీటీ పంపు అలవాటు మానవలెను. ప్రవేశ రుసుము చెల్లించి రావలెను. మొదటిసారి అర్థము కాకున్నను రెండవసారి రావలెను. ఇంట రేడియోలో వాద్యసంగీతము వచ్చునప్పుడు, అది తరువాతి కార్యక్రమమునకు ముందు కాలక్షేపమని యెంచక, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని పదినిమిషములైనను వినుడు. రేపు ఏదో చిన్న సభలో ముగ్గురు యువకులు మాటలేక వాయించునప్పుడు, వారి దారిమళ్లింపును గుర్తించి నవ్వు చెవి ఆ పిల్లలలోనే సిద్ధము కావలెను.